ఎవరి ముందుచూపు?

తుఫాను హెచ్చరిక రాగానే ఇంట్లో ఏమేం సర్దుకోవాలో కోస్తావాళ్ళకి కంఠతా వచ్చు. అటుకులు, కాచిన నీళ్ళు, టార్చి, అగ్గిపెట్టె, మందులు, పాలిథిన్ కవర్లో చుట్టిన రేషన్ కార్డు. ‘సిద్ధంగా ఉంచుకోవాలి’ అంటాయి ప్రకటనలు. అన్నీ కర్త లేని వాక్యాలే. ఆ కర్త ఎవరో విడిగా చెప్పక్కర్లేదు కదా!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది. ముందురోజే అమ్మ అన్నీ సర్దింది, నాన్న రెండో కళ్ళజోడుతో సహా. తన బీపీ మాత్రలు అయిపోయిన సంగతి మాత్రం మర్చిపోయింది. కరెంటు లేదు, షాపుల్లేవు. తల పగిలిపోతోందంటూనే అందరికీ వండిపెట్టింది. “నీ ముందుచూపే మమ్మల్ని కాపాడింది” అన్నారు నాన్న. ఆ మెప్పుకి అమ్మ మొహం వెలిగిపోతే నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

1991 బంగ్లాదేశ్ తుఫానులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు చాలా ఎక్కువమంది చనిపోయారు. చంకన పిల్లలు, కాళ్ళకి చుట్టుకునే చీర, మగవాళ్ళతో కిక్కిరిసిన షెల్టరంటే జంకు, భర్త రమ్మంటేగాని కదలలేకపోవడం - తర్వాత పరిశీలించినవాళ్ళు చెప్పిన కారణాలివి. ఇంటిని కనిపెట్టుకోవడమే ధర్మమని నేర్చుకున్న మనిషికి, ఇల్లు వదిలి తన ప్రాణం దక్కించుకోవడం ఎప్పుడు ధర్మమవుతుంది?

తనని కూడా ఆ సంచిలో లెక్కేసుకోవడం స్వార్థం కాదని అమ్మతో వాదించాను. “మర్చిపోయానే, అంతే” అంది. నిజానికి ఆ మాత్రల సంగతి నేనూ అడగలేదు.

ఇప్పుడు హెచ్చరిక వస్తే సంచి నాన్నే సర్దుతున్నారు, ఏది ఎక్కడుందో అమ్మని అడుగుతూ.