చెక్క వెల, మనిషి వెల

కొత్త సామాను కొనడానికి డబ్బుంటే చాలు. పాత సామాను కొనడానికి తీరిక ఉండాలి, ఓపిక ఉండాలి, చీర కొంగుకి దుమ్మంటుకున్నా ఫరవాలేదనుకునే మనసుండాలి. ఈ మూడూ నాకు పుష్కలంగా ఉన్నాయని మావారి ఫిర్యాదు.

మా విశాఖపట్నం ఇందుకు అనువైన ఊరు. రేవూ, రైల్వే, నౌకాదళమూ, ఉక్కు కర్మాగారమూ ఉన్నచోట వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఎక్కువ. పోయేవాళ్ళు బరువు దించుకుంటారు. ఆ బరువు పాత సామాన్ల కొట్టుకి చేరుతుంది. పందిరి మంచం పక్కన పేము కుర్చీ, దాని వెనక అద్దం పోయిన డ్రెస్సింగ్ టేబులు. సొరుగు లాగితే కర్పూరం వాసన, అడుగున ఒక బొత్తాం. పడక కుర్చీకి కుడిచెయ్యి ఆనేచోట మాత్రమే పాలిష్ అరిగి ఉంటే, అందులో కూర్చున్న పెద్దాయన ఎవరో, ఆ చేత్తో విసనకర్ర పట్టుకున్నాడో పేపరు పట్టుకున్నాడో అని ఊహించుకుంటూ నిలబడిపోతాను. పైసా ఖర్చులేని వినోదం!

కాని ఏ కుర్చీ తనంతట తాను గుమ్మం దాటి రాదు కదండీ. బదిలీ, చావు, అప్పు, అన్నదమ్ముల వాటాలు, ఏదో ఒకటి దాన్ని బయటికి గెంటి ఉంటుంది. ఒక ఇంటి ఇబ్బంది నాకు చవక బేరమైతే, ఆ సంతోషం తప్పు కాదా?

ఇల్లు మారిన సామానుకి మా ఊరి చరిత్రలోనే పెద్ద కథ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు చెక్కకి ఏనుగుదంతం తాపడం చేసి కుర్చీలూ పెట్టెలూ తయారుచేస్తే కంపెనీ దొరలు మోజుపడి కొనేవారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర అలాంటి కుర్చీలుండేవి. 1781లో ఆయన సామాను అమ్మకానికి వస్తే, ఇంగ్లండు రాజు మూడో జార్జి వాటిని షార్లెట్ రాణి కోసం కొన్నాడు. అంటే మహారాణిగారు కూర్చున్నది సెకండ్ హ్యాండు కుర్చీలోనన్నమాట! 1818లో ఆవిడ పోయాక, మరుసటేడు ఆ సామానూ వేలానికొచ్చింది. తల్లి కుర్చీలను వేలంలో కొనిపించుకున్నవాడు కన్నకొడుకే. కొన్నవాళ్ళ పేర్లన్నీ కాగితాల మీద భద్రంగా ఉన్నాయి. చేసిన పనివాడి పేరు మాత్రం వినపడదు. ప్రాణమిచ్చిన ఏనుగు మాట సరేసరి.

రాజుగారింట్లోనే నిలవని వస్తువు మనింట్లో నిలుస్తుందా? కనుక చేతులు మారడంలో తప్పులేదు. నేను కొనకపోతే ఆ ఇంటి కష్టం తీరనూ తీరదు. తప్పెక్కడుందో మా పక్కవీధిలో చూశాను. ఇల్లు ఖాళీ చేస్తూ ఒకావిడ టేకు భోషాణం అమ్మకానికి పెట్టింది. చూడవచ్చిన పెద్దమనిషి చుట్టూ తిరిగి చూసి, "రేపు లారీ వస్తోందిగా, ఎలాగూ వదిలేసి పోవాల్సిందే కదమ్మా" అన్నాడు. వెల అక్కడికక్కడే సగానికి దిగింది. భోషాణంలో చేవ తగ్గలేదు. తగ్గినదల్లా ఆవిడకున్న గడువే.

అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను. చెక్క చూసి వెల చెప్పాలి గాని, మనిషి మొహం చూసి కాదు. పుచ్చు ఉంటే తగ్గించమని అడుగుతాను, అది న్యాయం. అమ్మేవాళ్ళ తొందర మాత్రం నా లెక్కలోకి రానివ్వను. మరి కొట్టువాడు ఆ వస్తువు ఎలా తెచ్చాడో నీకేం తెలుసు అంటారా? నిజమే. "ఎవరింటిదయ్యా ఇది?" అని అడిగితే "మనకెందుకమ్మా అయ్యన్నీ" అంటాడు. నేనిచ్చే డబ్బులో అసలు మనుషులకి దమ్మిడీ చేరదు. నా నియమం అంతదాకా పోదు, ఒప్పుకుంటాను. అంతదాకా పోదని, పోయినంతవరకైనా పాటించడం మానేద్దామా?

మన మంచాలూ బీరువాలూ కూడా శాశ్వతం కావు. ఏదో ఒకనాడు మన పిల్లలు వాటిని గుమ్మంలో పెట్టుకుని నిలబడతారు. అప్పుడు వచ్చినావిడ చెక్క వంక చూడాలనే కోరుకుంటాం కదూ, పిల్లల మొహాల వంక కాకుండా?