నాన్నగారికి మాత్రం చెప్పకండి



మన సంఘాల్లో ఎవరి బిడ్డ డాక్టరయినా ఆ ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన ఉంటుంది, కేకు ఉంటుంది, ఫోటోలు ఉంటాయి. కొన్నాళ్లకు ఒక ప్రశ్న వస్తుంది: "పోస్టింగ్ ఎక్కడ?" పెద్ద ఆసుపత్రి పేరు వింటే మన ముఖాలు వెలుగుతాయి. "కమ్యూనిటీ ఆసుపత్రిలో" అంటే మాత్రం "పర్లేదులే, ముందు ముందు మంచిది వస్తుంది" అని ఓదారుస్తాం. ఆ ఓదార్పు అక్కర్లేదు. ఏ పరీక్షలోనూ రాని ఒక ప్రశ్న ఆ చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టరు కోసం కాచుకొని ఉంటుంది. దానికి జవాబు వెదకవలసింది డాక్టరు ఒక్కరే కాదు, మనం కూడా.

సింగపూర్‌లో చిన్న ఆసుపత్రుల చరిత్రలో క్రైస్తవ సేవకు మంచి చోటు ఉంది. 1913లో ఆంగ్లికన్ బిషప్ గారి భార్య డాక్టర్ షార్లెట్ ఫెర్గూసన్-డేవీ బెన్‌కూలెన్ స్ట్రీట్‌లో స్త్రీల కోసం, పిల్లల కోసం ఒక చిన్న డిస్పెన్సరీ తెరిచారు. సెయింట్ ఆండ్రూస్ మిషన్ ఆసుపత్రి సేవ అలా మొదలైంది. 1992లో అదే సేవలో భాగంగా సెయింట్ ఆండ్రూస్ కమ్యూనిటీ ఆసుపత్రి వచ్చింది. 1996లో సెయింట్ లూక్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవారు, పక్షవాతం వచ్చినవారు, ఇక నయం కాని జబ్బుతో ఉన్నవారు ఇలాంటి చోట్లకు వస్తారు. వారాల తరబడి ఉంటారు. మన అమ్మాయి ఒకరు పన్నెండు నెలలు హౌస్ ఆఫీసర్‌గా పెద్ద ఆసుపత్రిలో పరుగులు పెట్టి, తరువాత మెడికల్ ఆఫీసర్‌గా ఇక్కడికి వచ్చిందనుకోండి. రోజూ అవే మంచాలు, అవే ముఖాలు. ఎవరికి కాఫీలో చక్కెర వద్దో కూడా తెలిసిపోతుంది. పెద్ద ఆసుపత్రిలో రోగి మూడో రోజుకు వేరే వార్డుకు వెళ్లిపోతాడు. ఇక్కడ వెళ్లడు. అందుకే అడుగుతాడు.

ఆ వార్డులో మన తెలుగు పెద్దాయన ఒకరు ఉన్నారనుకోండి. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చారు, జబ్బు ముదిరాక బయటపడింది. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. ఇన్నాళ్లూ డాక్టర్లు చెప్పింది కొడుకే తెలుగులో చెప్పాడు, చెప్పకూడదనుకున్నది వదిలేశాడు. ఇప్పుడు వార్డులో తెలుగు వచ్చిన డాక్టరు దొరికింది. కొడుకు వరండాలోకి పిలిచి అంటాడు: "చెల్లెమ్మా, నువ్వు మన సంఘం పిల్లవే కదా. నాన్నగారికి మాత్రం చెప్పకు. తట్టుకోలేరు." ఆమె లోపలికి వెళ్తుంది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకొని అడుగుతారు: "అమ్మా, నువ్వైనా నిజం చెప్పు. నాకేమైంది?"

ఆమె ఏం చెప్పాలి?

కొడుకును తేలికగా తీసిపారేయకండి. అతని మాటలో ప్రేమ ఉంది. మనవాళ్లలో జబ్బు ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. బరువైన మాటను పెద్దల మీద పడనీయకుండా పిల్లలు మోయడం మన దగ్గర గౌరవమే. "తెలిస్తే అన్నం మానేస్తారు" అనే భయం వట్టి మాట కాదు. తండ్రిని సన్మానించుమన్న ఆజ్ఞను తాను పాటిస్తున్నాననే ఆ కొడుకు నమ్మకం.

అయితే సన్మానం అంటే ఏమిటి? తన జీవితం గురించిన అతి ముఖ్యమైన సంగతి ఇంట్లో అందరికీ తెలిసి, ఆ తండ్రికి ఒక్కడికే తెలియకుండా ఉంచడం సన్మానమా? పైగా ఆయనకు తెలియకుండానూ ఉండదు. కోడలి కళ్లు, గుసగుసలు, ఊరి నుంచి ఉన్నట్టుండి వరుసగా వచ్చే ఫోన్లు, అన్నీ ఆయన చూస్తూనే ఉంటారు. తెలిసీ తెలియనట్టు ఉండాల్సిన పని కూడా ఆయన మీదే పడుతుంది.

రెండవ రాజుల గ్రంథంలో జబ్బుపడిన ఇద్దరు రాజులు కనిపిస్తారు. 8వ అధ్యాయంలో సిరియా రాజైన బెన్హదదు తాను బ్రతుకుతానా అని తెలుసుకోవడానికి హజాయేలును నలభై ఒంటెల కానుకలతో ఎలీషా దగ్గరికి పంపాడు. రాజు చనిపోతాడని హజాయేలు అక్కడ విన్నాడు. తిరిగి వచ్చి, బ్రతుకుతావని మాత్రమే చెప్పాడు. మరునాడు తడిబట్టతో అతడే రాజు ప్రాణం తీశాడు. 20వ అధ్యాయంలో హిజ్కియాకు యెషయా ఎదురుగా వచ్చి, ఇల్లు చక్కబెట్టుకో, నీవు బ్రతకవు అన్న సంగతి దాచకుండా చెప్పాడు. హిజ్కియా గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు.

హజాయేలుది దురాశ, మన కొడుకుది ప్రేమ. రెండూ ఒకటి కావు. కానీ నిజం వినని రాజుకు ఏమి పోయిందో చూడండి. చక్కబెట్టుకోవడానికి, ఏడవడానికి, దేవునితో మాట్లాడటానికి ఉన్న సమయం పోయింది. నిజం విన్న రాజుకు ఆ సమయం దక్కింది. మన పెద్దాయనకూ పనులు ఉండవచ్చు. ఇరవై ఏళ్లుగా మాటలు లేని తమ్ముడికి ఫోన్ చేయాలని ఉండవచ్చు. పొలం కాగితాల సంగతి తేల్చాలని, కళ్లు మూసేలోపు సొంత ఊరు చూడాలని ఉండవచ్చు. మనం దాచిన ప్రతి రోజూ ఆయన దగ్గర నుంచి తీసుకున్న రోజే.

స్వస్థత కోసం ప్రార్థిస్తున్నాం కాబట్టి చెప్పడం అవిశ్వాసం అనే మాట కూడా మనలో ఉంది. హిజ్కియా కథ దానికి జవాబు. నిజం విన్న తరువాతే ఆయన ప్రార్థించాడు, ఆ తరువాతే పదిహేనేళ్ల ఆయుష్షు పొందాడు. ఆ స్వస్థతలో అంజూరపు పండ్ల ముద్ద అనే మందు కూడా ఉంది. ప్రార్థనకు అబద్ధం తోడు అక్కర్లేదు.

ఇక్కడి చట్టం కూడా ఈ వైపే చూస్తుంది. 2008లో చేసిన మెంటల్ కెపాసిటీ యాక్ట్ ప్రకారం, కాదని తేలేదాకా ప్రతి మనిషికీ తన నిర్ణయం తాను తీసుకునే శక్తి ఉందనే భావించాలి. పెద్ద కొడుకైనంత మాత్రాన తండ్రి బదులు నిర్ణయించే హక్కు రాదు.

అయితే నిజం చెప్పడమంటే మీద కుమ్మరించడం కాదు. శిష్యులకు చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నా వారు అప్పుడే భరించలేరని ప్రభువు కొన్ని ఆపుకొన్నట్టు యోహాను సువార్త 16వ అధ్యాయంలో చదువుతాం. ఆపుకొన్నాడు, అబద్ధమాడలేదు. కాబట్టి ఆ అమ్మాయి మొదట అడగాలి: "తాతగారూ, మీకేమి అనిపిస్తోంది? అంతా తెలుసుకోవాలనుకుంటున్నారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" ఆయన "వాడితోనే చెప్పమ్మా" అంటే అది ఆయన నిర్ణయం, దాన్ని మన్నించాలి. నిర్ణయం ఎవరిదన్నదే ఇక్కడ అసలు సంగతి. ఆయన నిజం కావాలని సూటిగా అడిగితే మాత్రం "ఏమీ లేదు" అనే హక్కు ఆమెకు లేదు. ఆ భారం ఆమె ఒంటరిగా మోయనూ కూడదు. సీనియర్ డాక్టరు, మెడికల్ సోషల్ వర్కర్, కొడుకు, అందరూ కూర్చొని మాట్లాడుకోవాలి.

యెషయా విషయంలో ఇంకొకటి గమనించండి. చెప్పి వెళ్లిపోతున్నవాడు నడిమి ఆవరణం దాటకముందే దేవుడు అతణ్ణి అదే మంచం దగ్గరికి తిరిగి పంపాడు. కష్టమైన మాట చెప్పిన మనిషి మళ్లీ రావాలి. చిన్న ఆసుపత్రి ఇచ్చే వరం ఇదే. అక్కడ డాక్టరు రేపు కూడా వస్తుంది, ఎల్లుండి కూడా వస్తుంది. ఈ రోజు కొంచెం చెప్పవచ్చు, రేపు మిగతాది చెప్పవచ్చు, మధ్యలో ఊరకే పక్కన కూర్చోవచ్చు. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి మనలో చాలామందికి తెలుసు. డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది 1883లో, ఆసుపత్రి తెరిచింది 1898లో. ఆ పదిహేనేళ్లూ పెద్ద భవనం లేదు. మనవాళ్ల మధ్య ఉండటం, మళ్లీ మళ్లీ రావడం ఉంది. నమ్మకం అక్కడే పుట్టింది.

ఇక మన వంతు. మన సంఘంలోని యువ డాక్టర్లను వరండాలోకి పిలిచి అబద్ధం అడగకండి. "మనవాళ్లు" అనే చనువును అందుకు వాడకండి. మన అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, భోజనాల దగ్గరే అడగండి: "ఎప్పుడైనా పెద్ద జబ్బు వస్తే మీకు చెప్పమంటారా? ఎవరు పక్కన ఉండాలి?" అడ్వాన్స్ కేర్ ప్లానింగ్ అని ఇక్కడి ఆసుపత్రులు పిలిచేది దాదాపు ఈ మాటల్నే. అడగడానికి నోరు రాకపోతే హిజ్కియా అధ్యాయం కలిసి చదవండి. మాట అదే మొదలవుతుంది.

సత్యమును ప్రేమతో చెప్పే ధైర్యం మన యువ వైద్యులకు, దాన్ని వినే ధైర్యం మనకు ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.