విజయపురిలో ఒక కార్మికుని పేరు

పల్నాటిలోని రాజుపాలెం వంటి గ్రామంలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు తన పిల్లలను నాగార్జునకొండకు తీసుకొనిపోయినాడనుకుందాం. లాంచీ దిగిన పిల్లవాడు మొదట శిల్పాలను గురించి అడగడు. "ఊరేదండీ?" అని అడుగుతాడు. ఊరు నీటి అడుగున వున్నది.

ఆ ఊరు విజయపురి. శాతవాహనుల తరువాత క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణాతీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని. దాని శిథిలాలు 1926లో లోకానికి తెలిశాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. లోయ మునగక తప్పదు గనుక 1954 నుండి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. 1967లో కాలువలకు నీరు వదిలారు.

నీటి కోసం ఒక నగరాన్ని ముంచవచ్చునా? కరువు నేలకు నీరు కావాలి. ఆకలిగొన్నవానికి శిల్పాన్ని చూపి ఓర్చుకొమ్మనడం సంస్కృతి కాదు. కాబట్టి ముంచవచ్చును. కాని ప్రశ్న అంతటితో తీరదు. "దేశం త్యాగం చేసింది" అంటారు. ఆ దేశంలో ఎవరు? రాళ్లకు లెక్క వేసి, అంకెలు వేసి, మోసి భద్రపరచినవారు, ఆ లోయ విడిచిపోయిన మనుషులను అదే శ్రద్ధతో భద్రపరచినారా?

విజయపురి శాసనాలను కూడా ఇదే ప్రశ్న అడగాలి. మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడనీ, కోట్ల బంగారాన్ని, లక్షలకొద్దీ గోవులను, నాగళ్లను దానం చేసినవాడనీ అవి కీర్తిస్తాయి. అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి దాత. లక్షల నాగళ్లు ఇచ్చినవాని పేరు తెలిసింది. ఆ నాగళ్ల మేడి పట్టినవారెవరో తెలియదు. దానమంటే అప్పటికే ఒకరి చెమట మరొకరి సొత్తు అయివుండాలి గదా!

అయితే ఒక్కచోట ఈ మౌనం చెదిరింది. వీరపురుషదత్తుని కాలంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం ఆమె బంధువులనందరినీ స్మరించి, పని చూసిన ముగ్గురు భిక్షువులను పేర్కొని, చివర ఇది రాతిపనివాడైన విధికుని పని అని చెప్పి ముగుస్తుంది. పేరు చిట్టచివర వున్నది. అయినా వున్నది.

ఇక్కడ దూరదేశపు రాజధాని ఒకటి గుర్తుకు వస్తుంది. నేటి పశ్చిమ టర్కీలోని సార్డిస్, ప్రాచీన లిడియా రాజుల నగరం. ఐశ్వర్యానికి మారుపేరైన క్రోసస్ అక్కడివాడే. అతని తండ్రి అల్యాటిస్ సమాధిదిబ్బను గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక విశేషం వ్రాశాడు. దానిని అంగడి వర్తకులు, చేతిపనివారు, వేశ్యలు కట్టారట. ఎవరి వంతు ఎంతో దిబ్బపై అయిదు రాళ్లమీద చెక్కివున్నదట. అందులో వేశ్యల వంతే పెద్దది. రాజు సమాధిమీద అణగారిన స్త్రీల శ్రమకు లెక్క దక్కింది.

మన సాగర్ కూడా రాతి కట్టడమే. యంత్రాలకంటే మనిషి రెక్కలను ఎక్కువగా నమ్ముకొని లేచినది. రాళ్లు మోసినవారిలో ఎందరో భూమి లేనివారు. కాలువ నీరు పొలమున్నవాని పొలానికి పోయింది. పొలం లేనివానికి కూలి మాత్రమే మిగిలింది. ఆనకట్టను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. నీటితోపాటు భూమి కూడా పంచవలసివుండెనని చెప్పడమే దీని ఉద్దేశం.

"ఊరేదండీ?" అన్న పిల్లవానికి ఉపాధ్యాయుడు రాజుల వరుస చెప్పి ఊరుకోరాదు. విధికుని పేరు చెప్పాలి. తరువాత, "మీ ఇంట్లో, మీ పేటలో సాగర్ పనికి పోయినవారెవరైనా వున్నారేమో అడిగి, పేర్లు వ్రాసుకొని రండి" అనాలి. ఆ తరం వేగంగా రాలిపోతున్నది. వారికోసం శాసనం వేయించే బోధిశ్రీ ఎవరూ లేరు. ఆ పని మనమే చేయాలి.