ప్రాజెక్టు ముగిశాక పిల్లవాడు ఎవరి బాధ్యత?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా తీరాన్ని తాకింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ వారంలో కోటబొమ్మాళిలో గాని, పలాసలో గాని ఎవరూ పదేళ్ళ ప్రణాళిక అడగలేదు. బియ్యం అడిగారు, తాగునీళ్ళు అడిగారు, కరెంటు అడిగారు. గడువు పెట్టుకొని, మనుషులను దింపి, పూర్తిచేసి వెళ్ళే పని అది. అలా చేయడమే ధర్మం. కాని పడిపోయిన కొబ్బరి చోట నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. మొక్కలు పంచిన రోజున కాగితం మీద పని పూర్తయినట్టే. రైతుకు మాత్రం ఆ రోజే పని మొదలు.

బడిని మార్చడం ఈ రెండింటిలో ఏ రకం పని? గిరిజన ఉపాధ్యాయులుగా మేము తరచు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాం.

కొండ ఊళ్ళ సవర పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. బడిలో పుస్తకం తెలుగులో ఉంటుంది. ఈ దూరం తగ్గించడానికి 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. సవర అందులో ఒకటి. తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి. ముందు ఇంటి భాషలో చదువు, మెల్లగా తెలుగులోకి నడక. ఇది మంచి పని, ఇందులో మాకు సందేహం లేదు.

అయితే పుస్తకం అచ్చయినంత మాత్రాన బడి మారదు. మాలో ఒకరు పనిచేసిన బడిలో ఒక పిల్లవాడు సవర వాచకం గడగడా చదివేవాడు. సవర తెలిసిన ఉపాధ్యాయుడికి బదిలీ అయింది. మరుసటి ఏడు ఆ పుస్తకాలు బీరువాలోనే ఉండిపోయాయి. "మన బాస ఇంక బడిలో ఉండదా మేస్టారూ?" అని ఆ పిల్లవాడు అడిగాడు. ఏం చెప్పగలం?

దీర్ఘకాలం పట్టు విడవని మనిషి మన జిల్లాలోనే పుట్టారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. దాని వెనుక దశాబ్దాల శ్రమ ఉంది. 1940లో ఆయన కన్నుమూశారు. ప్రాజెక్టుకు గడువు ఉన్నట్టే మనిషికీ ఆయుష్షు ఉంది. ఒక్కరి నిష్ఠ ఎంత గొప్పదైనా, ఆ పనిని వ్యవస్థ తనదిగా చేసుకోకపోతే అదీ ఒకనాటికి ఆగుతుంది.

అలాగని అన్నీ శాశ్వతంగా కుదిరేదాకా మొదలుపెట్టవద్దు అనలేం. ఈ ఏడు రెండో తరగతిలో ఉన్న పిల్లవాడికి రెండో తరగతి మళ్ళీ రాదు. ఆగమని వాడికి చెప్పడమూ అన్యాయమే.

కాబట్టి ప్రాజెక్టు రావాలి. వచ్చిన రోజునే ఒక ప్రశ్న అడగాలి: ఆఖరి తేదీ తరువాత ఈ పని ఎవరిది? సవర తెలిసిన వారికి పోస్టు ఉందా? ఉపాధ్యాయ శిక్షణలో ఈ బోధనకు చోటు ఉందా? పుస్తకాల ఖర్చు ప్రతి ఏటి బడ్జెట్‌లో ఉందా? ఈ మూడింటికి జవాబు ఉంటే అది నారుమడి. లేకపోతే పిల్లలకు ఆశ చూపించి మధ్యలో వదిలేసినట్టే.

ఈ ప్రశ్న అధికారులకే కాదు, మాకూ వర్తిస్తుంది. బదిలీ అయినప్పుడు తాళాలు, రిజిస్టర్లు లెక్కపెట్టి అప్పగిస్తాం. సంతకాలు తీసుకుంటాం. ఏ పిల్లవాడు సవరలో ఏ పాఠం దాకా వచ్చాడో, తెలుగులో ఎక్కడ తడబడుతున్నాడో రాసి ఎంతమందిమి అప్పగించాం? దానికి ఏ జీవో అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. ఈసారి ఛార్జి అప్పగించేటప్పుడు అది కూడా ఇద్దాం.