కుందేలు వచ్చిందా, వచ్చాడా?

ఈ వేసవి రాత్రిళ్ళు మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి రిచర్డ్ ఆడమ్స్ 'వాటర్‌షిప్ డౌన్' నవల చదివి వినిపించాను. చదవడమంటే, ఇంగ్లీషు పేజీ చూస్తూ నోటితో తెలుగు చెప్పడం. 1972లో వచ్చిన పుస్తకమది. తాము బతుకుతున్న చోటుకి ఏదో ముప్పు రాబోతోందని ఫైవర్ అనే బక్క కుందేలుకి తోస్తుంది. దాన్ని నమ్మినవాటితో కలిపి మొత్తం పదకొండు కుందేళ్ళు బొరియలు వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరతాయి.

ఓ రాత్రి అమ్మాయి అడిగింది: "అమ్మా, దారిలో హేజెల్‌కి పిల్లలు పుడితే ఎలా నడుస్తుంది?"

హేజెల్ మగకుందేలు. ఆ గుంపుకి నాయకుడు. కానీ నేను చెప్పే తెలుగులో "హేజెల్ వచ్చింది", "బిగ్‌విగ్ కొట్టింది". జంతువుని అలాగే అంటాం. ఆడపిల్ల వచ్చినా "వచ్చింది" అనే అంటాం. చిన్నయసూరి వ్యాకరణంలో మగవాడు మహత్తు. స్త్రీలం మహతీవాచకాలమే గానీ, ఏకవచనంలో మన క్రియ అమహత్తులతో పాటే, అంటే జంతువులతోనూ రాళ్ళతోనూ ఒకే పంక్తి. పదిమందిమి కలిస్తేనే "వచ్చారు". దీని మీద క్లాసులో ఎన్నిసార్లు కోపంగా మాట్లాడానో! ఇప్పుడు అదే వ్యాకరణం మా అమ్మాయికి పదకొండుమంది వీరవనితల్ని ఇచ్చింది. నేను దిద్దలేదు. నిజం చెప్పాలంటే, సంతోషించాను.

ఆడమ్స్ ఈ కథని మొదట కారు ప్రయాణాల్లో తన ఇద్దరు కూతుళ్ళకే చెప్పాడు. అయినా బయల్దేరిన ఆ పదకొండిట్లో ఒక్క ఆడకుందేలూ లేదు. కొండ మీద స్థిరపడ్డాక గాని హేజెల్‌కి ఆ లోటు తట్టదు. అదీ పిల్లలు పుట్టకపోతే ఊరు అంతరిస్తుంది కనక. ఆ ఘట్టం వచ్చిన రాత్రి నేను అబద్ధం చెప్పాను. "వాటికి స్నేహితులు చాల్లేదు, ఇంకొన్నిటిని తెచ్చుకుందామనుకున్నాయి" అని పుస్తకం మూసేశాను.

నిద్ర పట్టలేదు. నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయమంతా మూలాన్ని తమ అభిరుచికి కత్తిరించుకున్న అనువాదకుల మీదే. కథానాయిక నోటి దురుసుని తగ్గించి, పాఠకురాలికి కోపం వచ్చే హక్కు లేకుండా చేశారని రాశాను. వాళ్ళూ ప్రేమతోనే చేసి ఉంటారు. పసిదానికి అన్యాయం ఎప్పుడు చూపించాలన్నది తల్లి నిర్ణయించుకోవచ్చు, సరే. కానీ అక్కడ అన్యాయమే లేదని నమ్మించడం వేరు.

మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయితే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పావా?"

"నిన్న చెప్పింది అబద్ధం. అంతకుముందు చెప్పింది తెలుగు."

నవ్వలేదు. "వాటికి ఆడకుందేళ్ళు కావాలి. మరి ఆడకుందేళ్ళకి ఏం కావాలో అడిగారా?"

ఎమ్మేలో చదివినప్పుడు నేనీ నవలని ఆడవాళ్ళని ఎత్తుకుపోయే పురాతన కథల్లో ఒకటిగా జమకట్టి పక్కన పెట్టాను. నెమ్మదిగా, పైకి చదువుతుంటే అంత తేలిగ్గా తెమల్లేదు. ఊండ్‌వర్ట్ నియంతగా ఏలే ఎఫ్రఫాలో కుందేళ్ళు కిక్కిరిసి ఉంటాయి. ఆడవాటి కడుపులో పిండాలు పుట్టకుండానే కరిగిపోతుంటాయి. తమని వేరే చోటుకి వెళ్ళనివ్వమని హైజెంత్లే, ఆమెతో పాటు మరికొన్ని ఆడకుందేళ్ళు పాలకమండలిని అడుగుతాయి. కుదరదంటారు. అంటే బిగ్‌విగ్ అక్కడికి రాకముందే ఆమెకి వెళ్ళిపోవాలని ఉంది. ఆడమ్స్ చూపు ఎక్కువగా బిగ్‌విగ్ సాహసం మీదే ఉంది, నిజమే. 1996లో వచ్చిన రెండో పుస్తకంలో హైజెంత్లేని హేజెల్‌తో సమానంగా నాయకురాల్ని చేశాడు. ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో కొత్త నియమం. హేజెల్, బిగ్‌విగ్ "వచ్చాడు". హైజెంత్లేకి "వచ్చింది" చాలదంది మా అమ్మాయి. "ఆవిడ పెద్దావిడ కదా, వచ్చారు అను."

"మరి ఊండ్‌వర్ట్?"

"వాడు చెడ్డవాడు. వచ్చింది అనాలి."

"నువ్వు వచ్చినా వచ్చింది అనే కదే అంటాను?"

చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది.

"సరే, వచ్చాడు. చదువు" అంది.