ఇక్కడా ఆయనే, అక్కడా ఆయనే

మంచం కింద సూట్‌కేసు సగం సర్ది ఉంటుంది. నాన్నకు విటమిన్ మాత్రలు, అక్క పిల్లలకు చాక్లెట్లు, వదినకు సెంటు సీసా. టికెట్టు మాత్రం ఇంకా తీయలేదు. అమెరికాలో గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మన తెలుగు ఇళ్లలో ఇలాంటి సూట్‌కేసులు చాలానే ఉన్నాయి చెల్లీ. మీ ఇంట్లోనూ ఒకటి ఉందా?

మీ ఆయన అక్కడి పౌరుడు. నీ గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 దాఖలైంది, రసీదు వచ్చింది, వేలిముద్రలూ ఇచ్చావు. ఇంతలో ఊరి నుంచి ఫోను. "నాన్నకు ఒంట్లో బాగుండటం లేదే, ఒక్కసారి వచ్చి చూసి వెళ్లు." ప్రాణం కొట్టుకుంటుంది. కానీ అడ్వాన్స్ పరోల్, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, లేకుండా దేశం దాటితే, ఆ దరఖాస్తును నువ్వే వదులుకున్నట్టు లెక్క. చెల్లుబాటయ్యే వీసాతో హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు సాధారణంగా ఈ చిక్కు ఉండదు. నీలాంటి వాళ్లకు మాత్రం ఆ అనుమతి కోసం ఐ-131 దరఖాస్తు పంపితే సరిపోదు, అది మంజూరై కాగితం చేతికి రావాలి.

రాత్రి నిద్ర పట్టదు. కన్నతండ్రి మంచాన పడినా రాలేదని చుట్టాలు అనుకుంటారేమో! ఆ మాట ఎవరూ అనకముందే నిన్ను నువ్వే అనుకుంటున్నావు కదూ?

ఆగిపోవడం ప్రేమ లేకపోవడం కాదమ్మా.

పౌలు కూడా ఇలాగే కైసరయలో రెండేళ్లు కాపలాలో ఆగిపోయాడు. అధికారి ఫేలిక్సు విచారణ విన్నాడు, తీర్పు చెప్పకుండా వాయిదా వేశాడు. పౌలు మనసేమో రోమా మీద ఉంది. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో ఈ సంగతి చదివినప్పుడల్లా నా కన్ను ఒక చిన్న వివరం దగ్గర ఆగుతుంది. పౌలు సొంతవాళ్లు వచ్చి పరిచర్య చేస్తే అడ్డుకోవద్దని ఫేలిక్సు చెప్పాడు. అన్నం ఎవరు తెచ్చారో, బట్టలు ఎవరు ఉతికారో రాసి లేదు. తలుపు తెరుచుకోని ఆ రోజుల్లో కూడా దేవుడు ఆయన దగ్గరికి మనుషులు వచ్చే దారి ఉంచాడు.

మీ నాన్న మంచం దగ్గర ఇప్పుడు ఎవరున్నారు? మాత్రలు వేళకు వేస్తున్న అక్క, ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లిన పక్కింటి అన్నయ్య, సాయంత్రం వచ్చి ప్రార్థన చేసి వెళ్లే సంఘస్థులు. నువ్వు చేరలేని చోటికి ప్రభువు వాళ్లను పంపలేదంటావా?

ఈ రోజు చేయగలిగింది చేద్దాం. నాన్న పరిస్థితి గురించి డాక్టరు చేత ఉత్తరం రాయించి, ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కు ఫోన్ చేసి అత్యవసర అడ్వాన్స్ పరోల్ గురించి అడుగు. ఆ కాగితం ఇప్పటికే చేతిలో ఉంటే గడువు తేదీ చూసుకో. అది ఉన్నా, తిరిగొచ్చాక లోపలికి రానిచ్చేది విమానాశ్రయంలోని అధికారే. అందుకని పాత స్టేటస్ చిక్కులేమైనా ఉంటే లాయరును అడక్కుండా కదలకు.

ఆ తర్వాత నాన్నకు ఫోన్ చెయ్యి. కాగితాల గోల చెప్పకు. ఏం తిన్నారో అడుగు, ఆయన చెప్పేది తీరిగ్గా విను, కలిసి ప్రార్థన చేసుకోండి.

తండ్రీ, ఈ రోజు భయంతో టికెట్టు కొనను. భయపడి ఫోను ఎత్తకుండానూ ఉండను. అడగాల్సిన చోట అడుగుతాను. నాన్న పక్కన నువ్వున్నావని నమ్మి ఈ రాత్రి పడుకుంటాను. ఆమేన్.