అడగని మాట, ఇవ్వని అంగీకారం

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 1997లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. అందరి నోటా అది ట్రాయ్. కంపెనీల ప్రయోజనాలతో పాటు వినియోగదారుల ప్రయోజనాలనూ కాపాడే బాధ్యత దానిది. 2004లో కేబుల్, టీవీ ప్రసారాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. ఛార్జీలు, సిగ్నల్ నాణ్యత, నంబరు మార్చకుండానే కంపెనీ మారే వెసులుబాటు, ఇవన్నీ పైకి లెక్కల వ్యవహారాలుగానే కనిపిస్తాయి. కానీ ఈ పని మొత్తానికీ అడుగున ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది. మనిషి తాను ఒప్పుకున్నదాని నుంచి కూడా అతణ్ని రాజ్యం కాపాడవచ్చా? ఒప్పుకున్నట్టు కనిపించినంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

బలవంతుడి నుంచి బలహీనుణ్ని కాపాడడానికే రాజు ఉన్నాడని మన రాజధర్మం మొదటి నుంచీ చెబుతోంది. దండించేవాడు లేని చోట పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది. మహాభారత శాంతిపర్వంలోనూ, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ కనిపించే ఈ మాత్స్యన్యాయం దొంగలకూ దోపిడీదారులకూ మాత్రమే వర్తించేది కాదు. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో వర్తకుల నుంచి ప్రజలను కాపాడడానికే ఒక అధ్యాయం ఉంది. తూకంలో ఎంత తేడాను మన్నించాలో, ఎంత దాటితే ఎన్ని పణాల జరిమానా వేయాలో అందులో రాసి ఉంది. స్వదేశీ సరుకు మీద నూటికి 5, విదేశీ సరుకు మీద నూటికి 10 లాభం చాలన్నాడు. వర్తకులు కూడబలుక్కుని ధర పెంచితే వెయ్యి పణాల దండుగ విధించమన్నాడు. రక్షణ అంటే కోటగోడ ఒక్కటే కాదనీ, అంగడి తక్కెడ కూడా అందులో భాగమేననీ ఆయన స్పష్టంగా గ్రహించాడు.

అయితే అంగట్లో కొనేవాడికి తక్కెడ కళ్లెదుటే ఉంటుంది. ఫోను వాడేవాడికి అది కనిపించదు. ఎన్ని సెకన్లు మాట్లాడాడో, ఎంత డేటా ఖర్చయిందో, కాల్ మధ్యలో ఎందుకు తెగిపోయిందో అమ్మినవాడు చెబితేనే తెలుస్తుంది. ఈ చిక్కు 2015లో న్యాయస్థానం దాకా వెళ్లింది. తెగిన ప్రతి కాల్‌కూ ఒక రూపాయి చొప్పున, రోజుకు గరిష్ఠంగా మూడు కాల్స్‌కు కంపెనీలు వినియోగదారుడికి పరిహారం జమ చేయాలని ట్రాయ్ ఆ ఏడాది అక్టోబరులో నిబంధన తెచ్చింది. 2016 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తెగిన కాల్స్‌లో మూడో వంతుకు పైగా వినియోగదారుడి వైపు కారణాలతోనే తెగుతున్నాయని ట్రాయ్ సొంత పత్రమే చెబుతున్నప్పుడు, తప్పు ఎవరిదో చూడకుండా అన్నిటికీ కంపెనీనే దండించడం నిర్హేతుకమని కోర్టు అభిప్రాయపడింది. తప్పు చేసినవాడికే శిక్ష అన్న సూత్రం గట్టిదే, కాదనలేం. కానీ తప్పు ఎక్కడ జరిగిందో చూపగల సమాచారమంతా ఒక పక్షం గుప్పిట్లోనే ఉన్నప్పుడు, నష్టపోయినవాడు దేన్ని రుజువు చేయగలడు? ఆ తీర్పులో న్యాయం ఉంది. దాని తర్వాత కూడా వినియోగదారుడికి జవాబు దొరకని ప్రశ్న ఇది.

ఇక అంగీకారం సంగతి. పొలం పనిలో ఉన్న ఒక పెద్దాయనకు ఫోను వస్తుంది. ఎత్తితే పాట. ఈ పాట కావాలంటే ఫలానా బటన్ నొక్కమని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. ఫోను ఆపబోయి, వేలికి తగిలింది నొక్కేస్తాడు. మర్నాడు రీఛార్జి డబ్బుల్లో కొంత కట్ అయి ఉంటుంది. అడిగితే ‘మీరే ఒప్పుకున్నారు’ అంటారు. మొబైల్ సేవలు పల్లెలకు చేరిన తొలి ఏళ్లలో ఇలాంటి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అదనపు సేవ ఏదైనా మొదలుపెట్టేముందు వినియోగదారుడి నుంచి రెండుసార్లు నిర్ధారణ తీసుకోవాలని 2013లో ట్రాయ్ ఆదేశించింది. అక్కర్లేని సేవను ఆపించుకోవడానికి అన్ని కంపెనీలకూ కలిపి 155223 నంబరు ఉచితంగా అందుబాటులోకి వచ్చింది.

రెండోసారి అడగడం వెనుక ఉన్న ఆలోచన చిన్నది కాదు. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో వెలువరించిన ‘ఆన్ లిబర్టీ’లో, మనిషి మేలు కోసమే అయినా అతని ఇష్టానికి రాజ్యం అడ్డుపడకూడదని వాదించాడు. ఆ పుస్తకంలోనే ఒక మినహాయింపు కూడా చూపాడు. కూలిపోయే వంతెన మీదికి ఒకడు తెలియక అడుగు పెట్టబోతుంటే, హెచ్చరించే వ్యవధి లేనప్పుడు పట్టి వెనక్కి లాగడం అతని స్వేచ్ఛను హరించడం కాదు, ఎందుకంటే నదిలో పడాలని అతను కోరుకోలేదు. బటన్ నొక్కిన పెద్దాయన కోరుకున్నది ఫోను ఆగడం, పాట కాదు. కాబట్టి రెండోసారి అడిగించే నియమం అతని ఇష్టాన్ని కాదనడం లేదు, అసలు ఇష్టమేదో తెలుసుకుంటోంది. పౌరుణ్ని పసివాడిలా చూస్తున్నారనే విమర్శ ఇక్కడ నిలవదు.

ఇదే సూత్రం ప్రచార కాల్స్ దగ్గరికి వచ్చేసరికి సగంలో ఆగిపోయింది. అక్కర్లేని కాల్స్ వద్దనేవారి కోసం జాతీయ జాబితా 2007లో మొదలైంది. 2010, 2018 నిబంధనలు దాన్ని గట్టిపరిచాయి. 1909కు ఫోను చేసో, మెసేజ్ పంపో అన్నిటినీ ఆపించవచ్చు. లేదా బ్యాంకింగు, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం వంటి ఎనిమిది విభాగాల్లో కావలసినవి ఉంచుకుని మిగతావి వద్దనవచ్చు. ఫోనుకొచ్చిన మెసేజ్ పంపినవారి పేరు చివర ఇప్పుడు ఒక అక్షరం కనిపిస్తుంది. ‘పి’ ఉంటే ప్రచారం, ‘ఎస్’ ఉంటే సేవ, ‘టి’ ఉంటే లావాదేవీ, ‘జి’ ఉంటే ప్రభుత్వం. 2025 ఫిబ్రవరి సవరణతో ఫిర్యాదు గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. నమోదు లేకుండా ప్రచారం చేసేవారి మీద చర్యకు కంపెనీకి ఇచ్చిన వ్యవధి ముప్ఫై రోజుల నుంచి ఐదు రోజులకు తగ్గింది.

ఇవన్నీ మంచి ఏర్పాట్లే. అయినా నమోదు చేసుకోనివారి మౌనాన్ని ఈ వ్యవస్థ అంగీకారంగానే లెక్కిస్తోంది. మౌనం అర్ధాంగీకారమని లోకంలో అంటారు. పెళ్లి మాటల్లో ఆ మాట చెల్లుతుందేమో గానీ, 1909 అనే నంబరు ఒకటుందని కూడా తెలియని మనిషి విషయంలో చెల్లదు. అక్కడ మౌనానికి తెలియకపోవడం తప్ప వేరే అర్థం లేదు. ఏకాంతాన్ని కోరడం జ్ఞాన లక్షణాల్లో ఒకటని భగవద్గీత పదమూడో అధ్యాయం చెబుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ప్రశాంతంగా ఉండడం హక్కే అయితే దాని కోసం పౌరుడు దరఖాస్తు పెట్టుకోవడం సరికాదు. అడగాల్సింది ఫోను చేసేవాడు. కొన్ని రకాల సందేశాలకు వినియోగదారుడి ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసే నియమాలకు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దారి చూపింది. ఆ దారిలో పూర్తిగా నడవడమే న్యాయం.

దానం పేరుతో వచ్చే ఒప్పందం ఇంకా సున్నితమైనది. 2015లో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, తాను ఎంపిక చేసిన కొన్ని సైట్లను డేటా ఖర్చు లేకుండా చూసే పథకం తెచ్చింది. ‘ఫ్రీ బేసిక్స్’గా పేరు మార్చుకున్న ఈ పథకం మొదట అమలైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. పేదలకు అసలేమీ లేకపోవడం కంటే కొంత ఇంటర్నెట్ ఉచితంగా అందడం మేలు కదా అన్నది సమర్థకుల వాదన. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆకలిగా ఉన్నవాడి దగ్గర సూత్రాలు మాట్లాడడం సులువు. అయినా 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసే విషయాన్ని బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధించింది. ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజస దానమని గీత పదిహేడో అధ్యాయం వర్గీకరిస్తుంది. ఇక్కడ ఆశించిన ప్రతిఫలం డబ్బు కాదు, తీసుకునేవాడి చూపు. లోకంలో ఏముందో తెలియనివాడికి ఏది చూడాలో ఇచ్చేవాడే నిర్ణయిస్తే, ఆ మనిషికి మిగిలినవి ఉన్నాయని తెలిసే అవకాశమే పోతుంది. మున్ముందు అతను చేసుకోబోయే ఎంపికలన్నిటినీ ఆ ఆదేశం కాపాడింది.

ప్రసార రంగంలో రక్షణకు మూలం 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు. క్రికెట్ ప్రసార హక్కుల వివాదంలో, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చింది. ఆస్తి ప్రజలదైతే వాడుకునేవాడు ధర్మకర్త మాత్రమే. గంటలో ప్రకటనలకు 12 నిమిషాల పరిమితి, చూడని ఛానెల్‌కు డబ్బు కట్టనక్కర్లేదన్న 2019 ఏర్పాటు, ఈ భావనకే కొనసాగింపు. ఆ ఏడాది ఫిబ్రవరిలో అది అమలైనప్పుడు వంద ఛానెళ్లకు 130 రూపాయలు, పైన పన్ను, కావలసిన పే ఛానెళ్లకు విడివిడి ధరలు ఉండేవి. కానీ వందల ఛానెళ్ల పట్టిక చేతికిచ్చి ఎంచుకోమంటే, చాలా ఇళ్లలో కేబుల్ అతను రాసిన ప్యాకేజీయే ఖరారైంది. స్వేచ్ఛ ఇవ్వడం ఒక ఎత్తు, దాన్ని వాడుకునే తీరిక, తెలివిడి కల్పించడం మరో ఎత్తు.

చివరిగా ఒక్క మనిషి బాధ. తన కొడుకు రథం కింద పడి ఒక పేద తల్లి బిడ్డ చనిపోతే, ఆమె మొర విని ఆ కొడుక్కే మరణశిక్ష వేసిన మాధవవర్మ రాజు కథ విజయవాడ స్థలపురాణంలో ఉంది. మొర పెట్టుకున్నది ఒక్కతే అయినా రాజు విన్నాడు. ట్రాయ్ ఏర్పాటు దీనికి పూర్తిగా భిన్నం. అది అందరికీ వర్తించే నియమాలు చేస్తుంది, విడి వ్యక్తుల వివాదాలను తీర్చదు. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో చెప్పి డాకెట్ నంబరు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి, 39 రోజుల్లో తేలాలి. కోట్ల మందికి నియమం రాసేవాడు ప్రతి ఒక్కరి మొరా వినలేడన్నది నిజమే. అయితే ఫిర్యాదు ఎవరి మీదో వారి గుమ్మంలోనే రెండుసార్లూ నిలబడాల్సి రావడం లోపమే. టెలికాం వివాదాలను వినియోగదారుల ఫోరాలు విచారించరాదని 2009లో వచ్చిన తీర్పు చాలా ఏళ్లు ఆ దారినీ మూసింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. బిల్లులో తేడా వచ్చిన ఒక్క మనిషి కూడా ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు నేరుగా వెళ్లి తన గోడు చెప్పుకోవచ్చు.